పాడుబడ్డ పార్కు జాగాను కాలనీవాళ్లే మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా?

మీ వీధి చివర ఒక ఖాళీ జాగా ఉందనుకోండి. లేఅవుట్ కాగితం మీద అది పార్కు. ఇప్పుడు చూస్తే కూల్చిన ఇళ్ల మట్టి, ఎండిన కొబ్బరి బోండాలు, కిందటేడు చవితి పందిరి కర్రలు. చీకటి పడితే ఆడపిల్లలు ఆ వైపు నడవరు. ఎవరిని కదిపినా "ఫండ్స్ లేవండీ" అంటారు. కాలనీ పనుల వెంట తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: డబ్బు లేక ఆగిన పనులకన్నా కాగితం లేక ఆగినవే నేను ఎక్కువ చూశాను. అందుకే డబ్బు ఎలా అడగాలో ఇక్కడ చివర్లో చెబుతాను.

ముందు నడవండి

ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, మరో రోజు రాత్రి ఎనిమిదింటికి ఐదారుగురు కలిసి కాలనీ అంతా నడవండి. పొద్దున కనిపించే చెత్తకుప్ప వేరు, రాత్రి కనిపించే వెలగని దీపం వేరు. చార్టు మీద వీధులు గీసి నీళ్లు నిలిచేచోటు, మూత లేని మ్యాన్‌హోలు, ఆగిపోయిన మోరీ, కుక్కలు గుంపుకట్టే మలుపు అన్నీ గుర్తు పెట్టండి. ప్రతిచోటా ఫోటో తీయండి, తేదీ పడేలా.

ఏ సమస్య ఏ శాఖదో ఆ పటం పక్కనే రాసుకోండి. హైదరాబాద్‌లో మురుగు పైపు జలమండలిది, రోడ్డూ వీధిదీపాలూ కార్పొరేషన్‌వి, కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. ఇది తేల్చుకోకపోతే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగడంతోనే ఏడాది గడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అయితే వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ (సౌకర్యాలు), ప్లానింగ్ కార్యదర్శులను ఈ నడకకే పిలవండి. వాళ్లు కళ్లారా చూసిన సమస్య ఫైల్లో వేరుగా కనిపిస్తుంది.

చింతగింజలతో ఓటు

మీటింగు పెడితే సాధారణంగా రిటైరైన పెద్దమనుషులు ముందు వరుసలో కూర్చుంటారు, మాట్లాడేదీ వాళ్లే. వాళ్ల ఓపిక, అనుభవం కావాలి. కానీ పార్కులో రోజూ కూర్చునేది పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు, అద్దెకున్నవాళ్లు, అపార్టుమెంట్ల వాచ్‌మెన్ కుటుంబాలు. "ఓనర్లే రావాలి" అన్న నియమం పెట్టకండి. ఆడవాళ్లను విడిగా, వాళ్లకు వీలైన వేళలో కూర్చోబెట్టండి. మగవాళ్ల మధ్య మాట్లాడనివాళ్లు అక్కడ తప్పక నోరు విప్పుతారు.

తర్వాత గోడకు ఐదారు పనుల బొమ్మలు అంటించండి: ప్రహరీ, దీపాలు, నడకదారి, ఇంకుడుగుంత, చెట్లు, ఆటసామాను. ఒక్కో బొమ్మ కింద ఒక గిన్నె. వచ్చిన ప్రతివారికీ మూడు చింతగింజలు. ఏది ముఖ్యమనుకుంటే అందులో వేయాలి, కావాలంటే మూడూ ఒకదాంట్లోనే వేయొచ్చు. చదువు రానివాళ్లకూ చదువుకున్నవాళ్లకూ ఇక్కడ ఒకే బలం. గింజలు అందరి ముందే లెక్కపెట్టి, ఫలితం తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. తర్వాత ప్రతి అర్జీకీ ఆ పేజీ జిరాక్సు జతచేయాలి.

జాగా ఎవరిది?

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన మెట్టు ఇదే. టౌన్‌ప్లానింగ్ విభాగం నుంచి ఆమోదం పొందిన లేఅవుట్ నకలు తీసుకోండి. ఆ ఖాళీ స్థలాన్ని లేఅవుట్ వేసినవాళ్లు స్థానిక సంస్థకు రిజిస్టరు గిఫ్ట్ డీడ్‌తో అప్పగించారా లేదా చూడండి. పాత పంచాయతీ లేఅవుట్లలో చాలాసార్లు ఇది జరిగి ఉండదు. ఆ సందులోంచే పార్కులు ప్లాట్లుగా మారిపోతాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఆ జాగా మీద ఎవరైనా రిజిస్ట్రేషన్ చేయించుకున్నారేమో తెలుస్తుంది.

ఆఫీసులో నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. సాధారణ గడువు 30 రోజులు. "పార్కు ఎందుకు బాగు చేయలేదు?" అని అడగకండి, దానికి వాళ్ల దగ్గర కాగితం ఉండదు. "ఫలానా లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు ఇవ్వండి" అని అడగండి. ఆక్రమణ ఉందని తేలితే హైదరాబాద్ పరిధిలో 2024లో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఉంది, మిగతాచోట్ల సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజు ఉంది. చిక్కు తేలకుండా మొక్కలు నాటితే కోర్టు స్టే వచ్చిన రోజున అవి నీళ్లు లేక ఎండిపోతాయి.

సంఘం, ఖాతా

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. కనీసం ఏడుగురు ఉంటే సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఒక్కరి సంతకం మీద నడవకూడదు. నెలనెలా జమాఖర్చు నోటీసు బోర్డుకు అంటించండి, వాట్సాప్‌లోనూ పెట్టండి.

డబ్బు ఎక్కడుంది?

అడిగేముందు ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) పిలిచి ఎస్టిమేటు వేయించండి. అది ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం, జీఎస్టీతో కలిపి వస్తుంది. మేస్త్రీ చెప్పిన అంకెకూ దీనికీ తేడా చూసి బెంబేలెత్తకండి. మొత్తం పనిని మూడు ముక్కలు చేయండి: ప్రహరీ, గేటు ఒకటి; నడకదారి, దీపాలు ఒకటి; మొక్కలు, బెంచీలు ఒకటి. మూడు జేబుల నుంచి మూడు చిన్న మొత్తాలు రాబట్టడం ఒక పెద్ద మొత్తంకన్నా తేలిక.

మొదటి జేబు మున్సిపాలిటీదే. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం పురపాలికల బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలనీ అంటోంది. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో కనుక్కోండి. బడ్జెట్ తయారయ్యేముందే, అంటే అక్టోబరు, నవంబరు నాటికే అర్జీ చేరాలి. పుణె కార్పొరేషన్ 2006 నుంచి పౌరుల దగ్గర పనుల ప్రతిపాదనలను బడ్జెట్‌కు ముందే తీసుకుంటోంది. మన దగ్గర అలా అడగకపోయినా మనమే ఆ వేళకు ఇవ్వొచ్చు.

రెండోది ఎంపీ నిధి. ఏడాదికి 5 కోట్లు అనగానే పెద్దదిగా కనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, అంటే ఒక్కోదానికి సుమారు 71 లక్షలు. అందులో మీ వీధి వాటా ఎంతో ఊహించుకుని అడగండి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. పని శాశ్వత ఆస్తిగా, ప్రజలందరికీ పనికొచ్చేలా ఉండాలి. ప్రహరీకి, నడకదారికి ఇది సరిపోతుంది, మొక్కలకు నీళ్లుపోసే జీతానికి కాదు.

మూడోది కంపెనీల సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. కొత్తగా పుట్టిన కాలనీ సంఘానికి అది నేరుగా రావడం కష్టం, ఎందుకంటే బయటి సంస్థ ద్వారా ఖర్చుపెడితే మామూలుగా దానికి మూడేళ్ల పనితీరు చూపమంటారు. ఇప్పటికే అనుభవమున్న స్వచ్ఛంద సంస్థతో కలిసి వెళ్లండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి చూడండి. ఏళ్లపాటు చెత్తతో పూడిపోయిన బావిని కల్పనా రమేశ్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, ప్రభుత్వ సంస్థలు కలిసి తవ్వి బయటికి తీశాయి. 2022 డిసెంబరులో అది ప్రజలకు తెరుచుకుంది.

పని మొదలయ్యాక

భూమి కింద పని పూర్తయ్యాకే పైన పని. మురుగు పైపు మార్చాల్సి ఉంటే నడకదారి వేయకముందే మార్పించండి. లేదంటే ఆర్నెల్లకే దాన్ని తవ్వుతారు. ఎస్టిమేటు నకలు చేతిలో పెట్టుకుని కాంక్రీటు మందం టేపుతో కొలవండి. ఈ పని ఇద్దరికి అప్పజెప్పండి, పదిమంది పోతే గొడవే మిగులుతుంది.

మొక్కలకు నీళ్లు పోసేవారి పేర్లు వారాలవారీగా గేటు మీద రాయండి. కానుగ, వేప లాంటివి మొదటి రెండు ఎండాకాలాలు దాటితే తర్వాత వాటంతట అవే నిలబడతాయి. తొలి వానకే నడకదారి కుంగినా, గోడ పగిలినా ఫోటోతో అదే వారం లేఖ ఇవ్వండి. ఒప్పందంలో కాంట్రాక్టరు మరమ్మతు చేయాల్సిన గడువు ఎన్నాళ్లుందో ముందే రాసిపెట్టుకుంటే, ఆ గడువు లోపలే అతని ఖర్చుతోనే బాగు చేయించుకోవచ్చు.