ఇంగ్లీషు క్రియ తర్వాత విశేషణమా, క్రియావిశేషణమా? తేల్చుకునే పద్ధతి

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారిలో చాలామంది "షి లుక్స్ హ్యాపీలీ" అని రాయడానికి కారణం వ్యాకరణం తెలియకపోవడం కాదు, తెలిసిన ఒక సూత్రాన్ని అతిగా నమ్మడం. క్రియ పక్కన వచ్చేది క్రియావిశేషణమనీ, దాని చివర సాధారణంగా "లీ" చేరుతుందనీ మొదట్లోనే నేర్చుకుంటాం. "ఆమె సంతోషంగా పాడుతోంది", "ఆమె సంతోషంగా కనిపిస్తోంది" అనే రెండు వాక్యాల్లోనూ మనకు "గా" ఒకటే కాబట్టి, ఆ సూత్రం రెండింటికీ చెల్లుతుందనిపిస్తుంది. ఇంగ్లీషు మాత్రం వీటిని విడదీస్తుంది. పాడిన తీరును చెప్పాలంటే "హ్యాపీలీ" కావాలి, మనిషి ఎలా ఉందో చెప్పాలంటే "హ్యాపీ" కావాలి. అందువల్ల వాక్యం కట్టే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ మాట పని జరిగిన తీరును చెబుతోందా, లేక మనిషినో వస్తువునో వర్ణిస్తోందా?

అనుమానం వస్తే క్రియను తీసి, ఆ చోట "ఈజ్" లేదా "వాజ్" పెట్టి చూడాలి. "ద సూప్ టేస్ట్స్ గుడ్" అనే వాక్యం "ద సూప్ ఈజ్ గుడ్" అయినా అర్థం దాదాపు నిలుస్తుంది, కనుక విశేషణమే సరైనది. "హి టేస్టెడ్ ద సూప్ కేర్‌ఫుల్లీ" అన్నప్పుడు అలా మార్చడం కుదరదు. అక్కడ రుచి చూడటం అనే పని జరిగింది, జాగ్రత్త ఆ పనికి చెందింది. అదే విధంగా "షి లుక్డ్ యాంగ్రీ" అంటే ఆమె కోపంగా ఉన్నట్లు కనిపించిందని, "షి లుక్డ్ ఎట్ హిమ్ యాంగ్రిలీ" అంటే అతనివైపు కోపంగా చూసిందని అర్థం. లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్, సీమ్, అపియర్ అనే క్రియలన్నింటికీ ఈ పరీక్ష పనికొస్తుంది.

ఈ పరీక్షను తికమక పెట్టే మాటలు కొన్ని లేకపోలేదు. "ఫ్రెండ్లీ", "లోన్లీ", "లవ్లీ" అనేవి చివర "లీ" ఉన్నా విశేషణాలే, కాబట్టి "హి సీమ్స్ ఫ్రెండ్లీ" అన్నది నిర్దోషమైన వాక్యం. "ఐ ఫీల్ వెల్" అన్నప్పటి "వెల్" కూడా ఆరోగ్యాన్ని చెప్పే విశేషణమే. ఇక రుచి, వాసనల గురించి చెప్పేటప్పుడు "ఇట్ ఈజ్ స్మెల్లింగ్ నైస్" అనడం మనలో బాగా అలవాటైంది; "ఇట్ స్మెల్స్ నైస్" అనేదే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి సహజం.

మార్పును చెప్పే క్రియల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. మనం అన్నింటికీ "బికమ్" వాడేస్తాం. అది తప్పు కాదు కానీ, మామూలు సంభాషణలో కాస్త బరువుగా వినిపిస్తుంది. అక్కడ ఎక్కువగా వినబడేది "గెట్". "ఐ గాట్ టయర్డ్", "ఇట్స్ గెటింగ్ కోల్డ్", "గెట్ రెడీ" వంటివన్నీ దానితోనే నడుస్తాయి. "గో" మాత్రం ఎక్కువగా చెడు వైపు జరిగే మార్పులకు వస్తుంది: పాలు విరిగితే "గో సౌర్", చూపు పోతే "గో బ్లైండ్", జుట్టు ఊడిపోతే "గో బాల్డ్", మతి చెడితే "గో మ్యాడ్". అలాగని ప్రతి చెడు మార్పుకూ అది సరిపోదు. అలసట, ముసలితనం, జబ్బు చెడువైపు మార్పులే అయినా "గో టయర్డ్", "గో ఓల్డ్", "గో ఇల్" అని ఎవరూ అనరు. రంగు మారడానికి "టర్న్" సురక్షితం, బ్రిటిష్ వాడుకలో "గో రెడ్" కూడా తరచుగా వినిపిస్తుంది. నెమ్మదిగా సాగే మార్పుకు, ముఖ్యంగా రచనలో, "గ్రో" నప్పుతుంది. "కమ్ ట్రూ", "కమ్ లూజ్", "ఫాల్ అస్లీప్", "ఫాల్ సైలెంట్", "రన్ డ్రై" అనేవి విడదీయరాని జంటలు. వీటికి సూత్రం వెతకడం కంటే జంటగానే గుర్తుపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే క్రియల జాబితా ఒకచోట, విశేషణాల జాబితా ఇంకొకచోట బట్టీ పడితే మాట్లాడే వేళకు రెండూ కలవవు. మార్పు లేకుండా అదే స్థితిలో ఉండటానికి "స్టే కామ్", "కీప్ క్వయట్", "రిమైన్ సైలెంట్" సరిపోతాయి.

విశేషణం కర్తను కాక కర్మను వర్ణించే పద్ధతి ఇంకొకటి ఉంది. "ద న్యూస్ మేడ్ హర్ శాడ్" అన్నప్పుడు విచారం వార్తది కాదు, ఆమెది. ఇక్కడ "శాడ్లీ" పెట్టకూడదు, "టు బి శాడ్" అని పొడిగించనూ కూడదు. "కీప్ ద రూమ్ క్లీన్", "లీవ్ ద డోర్ ఓపెన్", "పెయింట్ ద వాల్ వైట్" అన్నీ ఈ కోవలోవే. "షి వైప్డ్ ద టేబుల్ క్లీన్" అనే వాక్యంలో తుడవడం పని, శుభ్రంగా కావడం ఆ పని ఫలితం. రెండింటినీ ఒక్క వాక్యంలో ఇంత పొదుపుగా చెప్పడం ఈ పద్ధతికున్న గొప్ప సౌకర్యం. "ఫైండ్" క్రియతో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. కర్మ స్థానంలో ఒక పని రావలసి వస్తే, అక్కడ "ఇట్" ఉంచి, విశేషణం చెప్పి, ఆ తర్వాతే పనిని చెప్పాలి: "ఐ ఫౌండ్ ఇట్ డిఫికల్ట్ టు స్లీప్". ఆ "ఇట్"ను మనం తరచుగా వదిలేస్తాం.

ఈ పద్ధతిలో విశేషణం సాధారణంగా కర్మ తర్వాతే వస్తుంది. కర్మ బాగా పొడవైనప్పుడు మాత్రం అది క్రియ పక్కకు జరగవచ్చు: "షి పుష్డ్ ద డోర్ ఓపెన్" అనే వాక్యంలో తలుపుకు నాలుగు విశేషణాలు చేరితే "షి పుష్డ్ ఓపెన్" అని ముందు చెప్పి, తలుపు వర్ణనను తర్వాత పెడతారు. కర్మ స్థానంలో "ఇట్", "హిమ్" వంటి సర్వనామం ఉంటే అలా జరపడం కుదరదు. "షి పుష్డ్ ఇట్ ఓపెన్" అనే చెప్పాలి.