తిరుపతి ఇంట్లో రష్యన్ సెట్ భోజనం: నలుగురికి

రష్యాలో ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం హోటళ్లలో ‘బిజినెస్ లంచ్’ పెడతారు. ముందు సలాడ్, తర్వాత ‘మొదటిది’ అంటే సూపు, ‘రెండోది’ అంటే అసలు వంటకం, ‘మూడోది’ కొంపోత్ అనే పండ్ల పానీయం. శాకాహారులకూ ఇబ్బంది లేదు. చర్చి ఉపవాసాల రోజుల్లో అక్కడ బోర్ష్ సూపును మాంసం లేకుండానే వండుతారు.

కొంపోత్ చల్లారాలి కాబట్టి పొద్దున్నే దానితో మొదలుపెట్టండి. 2 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల ఎండు ఆప్రికాట్లు, ఎండుద్రాక్ష, 4 చెంచాల చక్కెర వేసి సన్నసెగ మీద 15 నిమిషాలు కాచి మూత పెట్టండి. ఉడికిన పండ్లు పారేయొద్దు, గ్లాసులో వేసే ఇవ్వాలి.

ఇక బోర్ష్. బీట్‌రూట్ 300 గ్రాములు, క్యాబేజీ 200 గ్రాములు, ఉర్లగడ్డలు 2, క్యారెట్ 1, ఎర్రగడ్డ 1, మదనపల్లె టమోటాలు 3, రాత్రి నానబెట్టి ఉడికించిన రాజ్మా ఒక కప్పు. బాణలిలో 2 పెద్ద చెంచాల నూనె పోసి ఎర్రగడ్డ, క్యారెట్ వేయించాక, సన్నగా తరిగిన బీట్‌రూట్, టమోటా, ఒక పెద్ద చెంచా వెనిగర్, ఒక చిన్న చెంచా చక్కెర వేయండి. కాసిన్ని నీళ్లు చల్లి, మూత పెట్టి 20 నిమిషాలు మగ్గనివ్వాలి. ఇంకో పాత్రలో లీటరున్నర నీళ్లు మరిగించి, ఉప్పు, బిర్యానీ ఆకు, 6 మిరియాలు, ఉర్లగడ్డ ముక్కలు వేయండి. 10 నిమిషాలకు క్యాబేజీ, ఇంకో 5 నిమిషాలకు రాజ్మా, బీట్‌రూట్ కలపండి. ఆ తర్వాత 5 నిమిషాలు చాలు. దించేముందు దంచిన తెల్లగడ్డ 3 రెబ్బలు, సోయకూర (డిల్) వేసి, మూత పెట్టి 20 నిమిషాలు కదపొద్దు.

చెడిపోయేది సాధారణంగా రెండుచోట్ల. పులుపు ముందే పడితే ఉర్లగడ్డ ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. బీట్‌రూట్ ఎక్కువసేపు మరిగితే ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. వెనిగర్ ఆ రంగును నిలబెడుతుంది. చేయి అలవాటుగా చింతపండు వైపు పోతుంది, ఆపుకోండి. అది పడితే తయారయ్యేది బీట్‌రూట్ చారే. పోపూ వద్దు.

బోర్ష్ పైన వేసే స్మెతానాకు, అంటే పుల్లటి మీగడకు, బదులు పావుకిలో గడ్డపెరుగును పలుచటి గుడ్డలో 3 గంటలు వేలాడదీసి, 3 చెంచాల క్రీమ్ కలపండి. మరిగే పాత్రలో వేస్తే విరిగిపోతుంది. గిన్నెలోకి వడ్డించాకే ఒక చెంచా వేయాలి.

రెండోదానికి కుట్టు గింజలు, అంటే బక్‌వీట్, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా దొరికేది వేయించని రకం. నేరుగా ఉడికిస్తే సంగటిలా ముద్దయిపోతుంది. అందుకే గోధుమరంగు వచ్చేదాకా నూనె లేకుండా వేయించి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి, మూత పెట్టి 15 నిమిషాలు సన్నసెగ మీద ఉంచండి. మధ్యలో కలపకూడదు. పక్కన వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. వాటి నీరు ఇగిరిపోయాకే ఉప్పు వేయండి.

సలాడ్ పని చిన్నదే: తరిగిన క్యాబేజీని ఉప్పుతో పిసికి, క్యారెట్ తురుము, కాస్త వెనిగర్, నూనె కలిపితే సరి.

అన్నీ ఒకేసారి ఆకులో వడ్డించినట్టు పెట్టొద్దు, ఒకటి ముగిశాకే ఇంకోటి. సూపులోకి అన్నం కాదు, రొట్టె. రై అనే ధాన్యపు పిండితో చేసే రొట్టె దొరక్కపోతే బేకరీ బన్నును కాల్చి తెల్లగడ్డ రుద్దండి. బోర్ష్ మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి రుచి ఇంకా పెరుగుతుంది. తినేటంత మాత్రమే విడిగా తీసి వేడిచేసుకుంటే మిగతాదాని రంగు పోదు.