తోలు కత్తికి సాన పట్టే ముందు

మొద్దుబారిన కత్తితో తోలు తెగదు. తెగకపోతే చేయి బలం పెడుతుంది, ఆ ఊపులో కత్తి జారితే ఇక ఆపలేం. కాబట్టి పెద్ద పనికి దిగే ముందే సాన పట్టాలి. కానీ అజాగ్రత్తగా ఉంటే సాన దగ్గరే వేళ్లు తెగుతాయి, మంచి కత్తులు పాడవుతాయి.

ముందు రాయిని చూడండి. నీటి రాయికి, అంటే నీళ్లతో తడిపి వాడే సాన రాయికి, నడిమధ్య తొందరగా గుంట పడుతుంది. ఆ గుంటలో వెడల్పాటి కత్తిని రుద్దితే అంచు తిన్నగా రాదు. రాయి ముఖమంతా పెన్సిల్‌తో గళ్లు గీసి, తడుపుతూ డైమండ్ ప్లేటుతో (వజ్రపు పొడి అతికించిన పలకతో) రుద్దండి. గీతలన్నీ చెరిగేదాకా ఆపొద్దు. నీటి రాయికి నూనె తగలనివ్వకండి, రంధ్రాలు పూడుకుపోతాయి. రాయి కదలకుండా కింద తడిగుడ్డ పరచండి.

రాయి గరుకును గ్రిట్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. అంచు పెచ్చులూడి ఉంటే 400 గ్రిట్, లేకపోతే 1000తో మొదలుపెట్టి 4000, 8000కి వెళ్లాలి. రాయి మార్చినప్పుడల్లా కత్తినీ చేతులనూ కడగండి. ఒక్క గరుకు రేణువు చేరినా నున్నటి అంచు మీద గీతలు పడతాయి.

కోణం కుదిరిందో లేదో తెలియాలంటే అంచు దగ్గర వాలుగా అరగదీసిన ఏటవాలు మీద మార్కర్ సిరా పూసి రెండుసార్లు రుద్ది చూడండి. సిరా అంచున మిగిలితే కత్తి వీపును కాస్త ఎత్తాలి, పైన మిగిలితే దించాలి. ఒకవైపే ఏటవాలున్న స్కైవింగ్ కత్తికి (తోలును పలచగా చెక్కే కత్తికి) చదునైన పక్కను రాయికి పూర్తిగా ఆనించాలి. అక్కడ వెంట్రుకవాసి ఎత్తినా తోలు మీద కత్తి పట్టు తప్పుతుంది.

ఒకవైపు రుద్దుతుంటే అవతలి వైపు సన్నని బర్, అంటే వేలికి గరుగ్గా తగిలే లోహపు పొర, లేస్తుంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా అది తగిలాకే వైపు మార్చండి. చూసేటప్పుడు బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు మీదుగా బయటికి మెల్లగా జార్చాలి. అంచు పొడవునా వేలు లాగితే తెగినట్టే.

అర్ధచంద్రాకారపు కత్తి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక కొమ్ముకు సాన పడుతుంటే రెండోది మణికట్టు వైపు తిరిగి ఉంటుంది. దానికి మందపాటి తోలు ముక్క చుట్టి టేపు వేశాకే మొదలుపెట్టండి. కత్తి చేజారితే పట్టుకోబోకండి, వెనక్కి జరగండి.

రాయి మీద తెచ్చిన పదునును చాలామంది స్ట్రాప్ మీద, అంటే చివర్లో అంచుకు మెరుగు పెట్టే తోలు పట్టీ మీద, పోగొట్టుకుంటారు. గట్టిగా నొక్కితే తోలు అణిగి, అంచు దాటగానే పైకి లేస్తుంది, దాంతో అంచు గుండ్రమవుతుంది. వేలాడే బెల్టుతోనూ ఇదే ఇబ్బంది. చదునైన చెక్కకు అతికించిన తోలు మీద మెరుగు పెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పలచగా రాయండి. వీపు ముందు, అంచు వెనక ఉండేలా, కత్తి బరువుకు కాస్త ఎక్కువ ఒత్తిడితో ఒక్కో వైపు 10 సార్లు లాగితే చాలు. చివరికి రాగానే ఆపి, తిన్నగా పైకెత్తి, అప్పుడు తిప్పండి.

తొందర పనికని గ్రైండింగ్ వీల్ జోలికి పోవద్దు. కార్బన్ స్టీలు అంచు నీలిరంగుకు తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే, ఆ మేరకు అరగదీసి పారేయాల్సిందే.

పని అయ్యాక కత్తిని పొడిగా తుడిచి పలచగా నూనె రాయండి. నెలల తరబడి తోలు ఒరలో ఉంచకండి. తోలు పట్టి ఉంచే తేమకు అంచు తుప్పు పడుతుంది.