కాకతీయ కట్టడాలను రోడ్డు మార్గంలో రెండు రోజుల్లో చూడటం ఎలా?

హైదరాబాదు నుంచి కాకతీయుల కట్టడాలు చూడబోయేవారిలో చాలామంది వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప మూడింటినీ ఒక్క రోజులోనే ముగించుకోవాలనుకుంటారు. అలా చేస్తే పగలంతా వాహనంలోనే గడిచిపోతుంది. రెండు రోజులు కేటాయించి, ముందు హనుమకొండ, తర్వాత కోట, ఆపైన ములుగు వైపు గుళ్లు చూస్తూ పోతే, సామంతులుగా ఉన్న ఒక వంశం స్వతంత్రమై, కొత్త రాజధాని కట్టుకొని, అడవి అంచుల దాకా చెరువులనూ దేవాలయాలనూ విస్తరించిన తీరు చక్కగా బోధపడుతుంది.

బయలుదేరే ముందు మీ చేతిలోని యాత్రా మార్గదర్శి ఏ సంవత్సరంలో అచ్చయిందో చూసుకోవాలి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగింది. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది. పాత పుస్తకాలు ఈ కట్టడాలన్నిటినీ వరంగల్ జిల్లాలోనే చూపిస్తాయి. చరిత్ర తెలుసుకోవడానికి పాత పుస్తకాలే ఒక్కోసారి మేలుగా ఉంటాయి గాని, దారులకూ దర్శన వేళలకూ వాటిని నమ్ముకోకూడదు. ఊరి పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కోటగుళ్లు ఉన్న గణపురాన్ని చాలామంది ఘనపూర్ అని రాస్తారు. ఫోన్ మ్యాపులో ఆ ఒక్క పేరే వెతికితే హైదరాబాదు–వరంగల్ దారిలోని స్టేషన్ ఘనపూర్ కనిపించవచ్చు. మనం వెళ్లవలసిన ఊరు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది కాబట్టి ‘గణపురం కోటగుళ్లు’ అని వెతకాలి.

హైదరాబాదు నుంచి వరంగల్‌కు 163వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు. దారిలో భువనగిరి కోట ఆకర్షిస్తుంది. ఏకశిల మీద కట్టిన ఆ కోట ఎక్కవలసినదే, కాని ఈ రెండు రోజుల్లో దాన్ని ఇరికించవద్దని నా సలహా; ఎండ ముదిరాక ఆ బండ ఎక్కి దిగితే మిగతా రోజుకు ఓపిక ఉండదు.

మొదట హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిని చూడాలి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి కట్టిన త్రికూటాలయం ఇది. ఇక్కడి సంస్కృత శాసనం కాకతీయుల స్వతంత్ర పాలనకు ముఖ్యమైన ఆధారం గనుక, స్తంభాల నునుపును చూసి మురిసిపోవడంతో ఆగక శాసనం దగ్గర కూడా కాసేపు నిలబడాలి. ఊడదీసి మళ్లీ నిలబెట్టిన కల్యాణ మండపం 2024 మార్చిలో తిరిగి తెరుచుకుంది.

మధ్యాహ్నం దాటాక కోటకు వెళ్లాలి. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో రూపుదిద్దుకున్న ఈ కోటలో బయట మట్టికోట, లోపల రాతికోట ఉన్నాయి. రాతికోట ద్వారాల దగ్గర దారి నేరుగా సాగక మలుపులు తిరుగుతుంది. శత్రుసేన ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. నేటికీ ఆ మలుపుల గుండానే ఊరి రాకపోకలు సాగుతాయి కాబట్టి వాహనం మెల్లగా నడపాలి. వీలైతే దిగి నడవాలి. నడిచినవారికే ఆ గోడల ఎత్తు తెలుస్తుంది. నడుమ నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాల మధ్య ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక అది నేలమట్టమైంది. పక్కనే ఉన్న ఖుష్ మహల్ తర్వాతి కాలానిది.

రెండో రోజు తెల్లవారకముందే హనుమకొండ నుంచి ములుగు దారి పట్టాలి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర రహదారి వదిలి వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరుకోవాలి. రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి ఉదయపు వెలుగులోనే నల్లరాతి మదనికల (స్త్రీమూర్తుల శిల్పాల) నగిషీ స్పష్టంగా కనిపిస్తుంది. పైగా పాదరక్షలు విడిచి తిరగవలసిన చోట మధ్యాహ్నపు రాయి కాళ్లను కాలుస్తుంది. రామప్ప ఈ గుడిని చెక్కిన శిల్పి పేరని అందరూ చెప్పుకుంటారు. శాసనం మాత్రం 1213లో దీన్ని ప్రతిష్ఠించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని చెబుతుంది. మార్గదర్శి పుస్తకం ఈ రెండింటినీ విడదీసి చెప్పిందో లేదో గమనించండి. చెప్పకపోతే దానిలోని మిగతా కథలను కూడా ఆచితూచి నమ్మాలి. ఇసుక నింపిన పునాది, నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలతో లేపిన శిఖరం ఈ గుడి ప్రత్యేకతలు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి చూసి అటే వెనుదిరగకుండా దగ్గరలోని రామప్ప చెరువు కట్ట దాకా వెళ్లాలి. కాకతీయులు గుడినీ చెరువునూ కలిపే తలపెట్టేవారు. ఒకదాన్ని వదిలేస్తే రెండోది సగమే అర్థమవుతుంది.

అక్కడి నుంచి గణపురం కోటగుళ్లు దగ్గరే. శిథిలమైనా గంభీరంగా ఉన్న ఈ గుళ్ల గుంపు రామప్పంత రద్దీగా ఉండదు. తిరుగు ప్రయాణంలో ములుగుకు వెళ్లకుండా పరకాల మీదుగా హనుమకొండ చేరవచ్చు.

రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర రోజుల్లో ములుగు దారి వాహనాలతో నిండిపోతుంది. గుళ్లు చూడటమే మీ ఉద్దేశమైతే ఆ వారాన్ని విడిచిపెట్టి తేదీలు నిర్ణయించుకోండి.