ఫుల్ థ్రాటిల్‌లో లీన్ అవుతోందా? మ్యాప్ ముట్టుకోకముందే ఇవి చూడండి

టర్బో పెట్రోల్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపే సెన్సర్) మీద 11.5–12 చూపించాల్సింది 13 దాటితే, అంటే లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకపోవడం) అయితే, వెంటనే కాలు తీసేయండి. నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైతే పిస్టన్ పోవడానికి ఎంతోసేపు పట్టదు. మ్యాప్‌లో (ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోల్ లెక్కల పట్టికలో) పెట్రోల్ పెంచి సరిపెట్టకండి, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ముందు ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూడండి. ఐడిల్‌లో ప్లస్ 15 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి సున్నా దగ్గరకొస్తే వాక్యూమ్ లీక్ (ఇన్‌టేక్‌లోకి లెక్కలో లేని గాలి చొరబడడం) అయ్యుంటుంది. స్మోక్ టెస్ట్‌లో (ఇన్‌టేక్‌లోకి పొగ పంపి చూసే పరీక్షలో) పొగే లీక్ చోటు చూపిస్తుంది. లోడ్‌తో పాటు ట్రిమ్ పెరిగితే పెట్రోల్ చాలట్లేదు, లేదా మురికి పట్టిన మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) గాలిని తక్కువ లెక్కిస్తోంది.

తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ లాగ్ చేయండి. పోర్ట్ ఇంజెక్షన్‌లో (పెట్రోల్‌ని ఇన్‌టేక్ పోర్ట్‌లో చల్లే ఇంజిన్లలో) బేస్ ప్రెషర్ 3 బార్ ఉండి, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ గొట్టం కలిపి ఉంటే, 1 బార్ బూస్ట్‌కి (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడికి) 4 బార్ రావాలి. ఆర్‌పీఎమ్‌తో పడిపోతుంటే ఫిల్టర్ లేదా పంప్. పంప్ కొనేముందు దాని కనెక్టర్ దగ్గర, లోడ్‌లోనే, వోల్టేజ్ కొలవండి. చాలాసార్లు దొంగ ఆ సన్నటి పాత వైరే. ప్రెషర్ నిలబడి ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటితే ఇంజెక్టర్లు చిన్నవి.

అన్నట్టు, సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకున్నా, మిస్‌ఫైర్ అవుతున్నా వైడ్‌బ్యాండ్ లీన్ అనే చెప్తుంది.