విదేశాల్లోని మన పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పి నిలదొక్కుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్, జూమ్ అకౌంట్ ఉంటే ఎవరైనా ఆన్‌లైన్ టీచర్ అయిపోవచ్చు. చేరిన పిల్లలు మూడో నెలలో కూడా ఉండేలా చూసుకోవడమే కష్టం. నేను రాజమండ్రిలో కూర్చుని డాలస్, న్యూజెర్సీ, లండన్‌లలో ఉన్న మన పిల్లలకు తెలుగు చెబుతాను. లెక్కలు, వీణ చెప్పేవాళ్లకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది కానీ, నాకు తెలిసింది తెలుగు క్లాసే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

1. ఎవరికి చెబుతారో తేల్చుకోండి

"అన్ని వయసులవారికీ తెలుగు నేర్పబడును" అని పెడితే ఎవరూ రారు. విదేశాల్లో తెలుగు నేర్చుకునేవాళ్లు ఒక్క రకం కాదు. ఇంట్లో తెలుగు వింటూ, అంతా అర్థమవుతున్నా జవాబు ఇంగ్లీషులోనే చెప్పే పిల్లలు ఒక రకం. అమ్మానాన్నల్లో ఒకరికి తెలుగు రాకపోవడంతో చెవిన అసలు తెలుగు పడని పిల్లలు ఇంకో రకం. గడగడా మాట్లాడతారు కానీ ఒక్క అక్షరం చదవలేనివాళ్లు, తెలుగింటి కోడళ్లుగానో అల్లుళ్లుగానో వచ్చిన పెద్దవాళ్లు కూడా ఉంటారు. ఒకరికి సరిపోయే పాఠం ఇంకొకరికి పనికిరాదు.

అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి తరగతులు నడుపుతోంది. పుస్తకాలు, పరీక్షలు, టీచర్లు ఉన్న అంత పెద్ద ఏర్పాటుతో ఒక్కరం పోటీ పడలేం, పడక్కర్లేదు కూడా. పదిహేను మంది ఉన్న ఏ తరగతిలోనైనా నోరు విప్పని పిల్లలు ఇద్దరైనా ఉంటారు. నేను వాళ్లను ఎంచుకున్నాను. 7 నుంచి 10 ఏళ్ల వయసు, అర్థమవుతుంది కానీ మాట్లాడరు, బ్యాచ్‌కి నలుగురే. ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పగలిగాక, "మా వాడు అచ్చం ఇలాగేనండీ" అంటూ తల్లులే ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

2. రెండు గడియారాలు గోడకు తగిలించండి

నవ్వకండి. న్యూజెర్సీలో శనివారం ఉదయం 9 అయితే చలికాలంలో మనకు రాత్రి 7:30. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుగుతుంది, అప్పటినుంచి అదే క్లాసు మనకు సాయంత్రం 6:30కి. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. బ్రిటన్‌లో ఈ మార్పు మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో జరుగుతుంది. అంటే ఏడాదికి రెండుసార్లు కొన్ని రోజులపాటు మీ అమెరికా లెక్క ఒకలా, లండన్ లెక్క ఒకలా ఉంటుంది. మొదటి ఏడాది మార్చిలో నేను కాఫీ తాగి, తీరిగ్గా 7:30కి క్లాసు తెరిచాను. పిల్లలు గంట ముందే వచ్చి, ఎదురుచూసి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ వారం రాగానే తల్లిదండ్రులకు రెండు దేశాల టైమూ రాసి ముందే మెసేజ్ పెడతాను.

డాలస్ వాళ్లు శుక్రవారం సాయంత్రం 7 గంటలకు క్లాసు కావాలంటారు. మనకది శనివారం తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. లేవగలరో లేదో ఒప్పుకునే ముందే చూసుకోండి.

3. డబ్బు కెమెరా మీద కాదు, మైకు మీద పెట్టండి

మీ ముఖం కాస్త మసగ్గా ఉన్నా పిల్లలు పట్టించుకోరు. త, ట తేడా వినపడకపోతే మాత్రం పాఠమే లేదు. కొన్ని వందల రూపాయలకు వచ్చే కాలర్ మైకు, వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు. గది మారుమోగకుండా మందపాటి కర్టెన్లు వేయండి, పక్కన పరుపు ఉన్నా మంచిదే. ఫ్యాన్ సరిగ్గా నెత్తి మీద తిరుగుతుంటే ఆ హోరంతా మైకులోకి వెళ్తుంది కాబట్టి కుర్చీ పక్కకి జరుపుకోండి. క్లాసు టైముకి వంటింట్లో కుక్కర్ పెట్టొద్దని ఇంట్లోవాళ్లతో ఒక ఒప్పందానికి రండి.

కరెంటు పోయినా రౌటర్ నడవడానికి చిన్న యూపీఎస్, ఇంటర్నెట్ పోతే హాట్‌స్పాట్ ఇవ్వడానికి వేరే కంపెనీ సిమ్ ఉండాలి. అక్షరం రాసి చూపించడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు స్టీలు డబ్బాల మీద స్కేలు పెట్టి, దానిమీద ఫోన్ బోర్లా ఉంచి అదే క్లాసులో రెండో కెమెరాగా చేరితే మీ చెయ్యి, పలక చక్కగా కనిపిస్తాయి.

4. మీ క్లాసు రికార్డు చేసి, ఎవరు ఎంతసేపు మాట్లాడారో లెక్కపెట్టండి

నా వరకు అసలు మలుపు ఇదే. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని ఒక క్లాసు రికార్డు చేసి, స్టాప్‌వాచ్‌తో విన్నాను. 40 నిమిషాల క్లాసులో 29 నిమిషాలు నేనే మాట్లాడాను. మిగిలిన 11 నిమిషాలు నలుగురు పిల్లలు పంచుకున్నారు. మాట్లాడటం నేర్పుతానని ఫీజు తీసుకుని నేను చేస్తున్నది హరికథ. సిగ్గేసింది.

తగ్గించుకోవడానికి చేసినవి చెబుతాను. "అర్థమైందా?" అనడం పూర్తిగా మానేశాను, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఏ పిల్లాడైనా అవుననే అంటాడు. దాని బదులు "కోడికి నాలుగు కాళ్లు కదా" అని తప్పు చెబుతాను. నలుగురూ ఒక్కసారిగా అరుస్తారు, "కాదు, రెండు!" అని. ప్రశ్న అడిగాక మనసులో ఏడు లెక్కపెట్టి ఆగుతాను. ఆ నిశ్శబ్దం మనకు మహా టెన్షన్‌గా ఉంటుంది కానీ, పిల్లలు మాట కూర్చుకునేది సరిగ్గా అప్పుడే. వంటింట్లోంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి మూడు మాటలు చెప్పమంటాను. ఒకసారి ఒక పాప ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి, "ఛీ... కంపు... కానీ పప్పులో బాగుంటుంది" అంది. అది నేను నేర్పిన వాక్యం కాదు, తన సొంతం.

5. అఆలతో మొదలుపెట్టకండి

చాలామందికి ఇది నచ్చదని నాకు తెలుసు. వర్ణమాల మొత్తం వల్లించి, గుణింతాలు దాటి మొదటి పదం చదివేసరికి నెలలు గడుస్తాయి, పిల్లాడు ఫుట్‌బాల్‌కి వెళ్లిపోతాడు. ల, త, క, ప, వ అనే ఐదు అక్షరాలతో మొదలుపెడితే మొదటి వారమే తల, కల, వల, పలక, కలప చదివేస్తారు. ప, వ ఒకేలా కనిపించి తికమకపడతారు కాబట్టి ఆ రెండూ ఒకే రోజు ఇవ్వకండి. అఆల వరుస తర్వాత పాటలా నేర్పుకోవచ్చు.

ఇంగ్లీషుకు అలవాటైన చెవికి ఏది వినపడదో అక్కడ ఆగండి. కోతి, కోటి, కోడి... మనకు మూడు వేర్వేరు మాటలు, కొత్త పిల్లలకు ఇంచుమించు ఒకే మాట. మూడు బొమ్మలు చూపించి, నేను ఏది అన్నానో వేలు పెట్టమంటాను, తర్వాత వాళ్లు అంటే నేను వేలు పెడతాను. పాత, పాట కూడా అంతే. కలం, కాలం దీర్ఘం కోసం, గడి, గడ్డి ఒత్తు కోసం. ఇక కళ్లు, కల్లు తేడా తెలియకుండా ఒక బాబు "రాత్రి నా కల్లు ఎర్రగా అయింది" అంటే, వెనకాల కూర్చున్న వాళ్ల తాతయ్య నవ్వలేక చచ్చారు.

6. ఇంటి మాటను తప్పు అనకండి

చేరిన రోజే ఆ ఇంట్లో ఏ మాటలు వాడతారో అడిగి రాసుకోండి. నాన్నగారి అమ్మను ఒక ఇంట్లో నానమ్మ అంటారు, ఇంకో ఇంట్లో బాపమ్మ, మామ్మ, జేజి. ఒకరి సొరకాయ ఇంకొకరికి ఆనపకాయ. కరీంనగర్ ఇంటి పాప "బాపమ్మ" అంటే, "నానమ్మ అనాలమ్మా" అని దిద్దే టీచర్ ఆ పాపకు తెలుగు నేర్పడం లేదు, ఉన్న తెలుగును తుడిచేస్తున్నారు. నువ్వు, మీరు విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. కొన్ని ఇళ్లలో అమ్మమ్మను నువ్వు అనడమే ముద్దు, కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లెవరినైనా మీరు అనాల్సిందే.

హోంవర్క్‌గా వారానికి ఒకే ఒక్క పని ఇస్తాను. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో అరనిమిషం వాట్సాప్ వాయిస్ మెసేజ్. రాత పుస్తకం మర్చిపోయేవాళ్లు కూడా ఇది మర్చిపోరు, ఎందుకంటే అవతలినుంచి జవాబు వస్తుంది. పైగా నాకు జీతం అడగని అసిస్టెంట్ టీచర్లు దొరికారు. కొత్త విద్యార్థుల్లో సగానికి పైగా ఈ అమ్మమ్మలు, బాపమ్మలు పంపినవాళ్లే. ప్రకటనల కోసం నేను పెట్టిన డబ్బు మాత్రం గోదాట్లో పోసినట్టే అయింది.

7. డబ్బు సంగతి మొదటిరోజే మాట్లాడండి

డెమో క్లాసు ఒక్కటే ఉచితం, అదీ 20 నిమిషాలు. ఫీజు నెలకో, పన్నెండు క్లాసులకో ముందే తీసుకోండి. చెప్పకుండా మానేసిన క్లాసుకి ఏమవుతుందో, మీరే రాలేకపోతే ఏం చేస్తారో రాసి పంపండి. మొహమాటపడితే అక్కడే గొడవలొస్తాయి. చాలా కుటుంబాల్లో ఇక్కడున్న తాతయ్యే యూపీఐలో కట్టేస్తారు. విదేశాల నుంచి నేరుగా వచ్చే డబ్బుకు బ్యాంకు కాగితాలు దాచుకోండి. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ, ఆదాయపు పన్ను లెక్క వేరు, దానికి ఒకసారి సీఏను కలవండి.

పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకండి, ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. వాళ్ల ముఖాలు కనిపించే వీడియోలు మీ ప్రచారానికి వాడకండి, అడిగితే ఒప్పుకునేవాళ్లున్నా సరే.

జూన్ రాగానే అమెరికా పిల్లలకు సెలవులు, సగం మంది ఇండియా వచ్చేస్తారు, బ్యాచ్‌లు ఖాళీ అవుతాయి. కాబట్టి ఆదాయం పది నెలలకే లెక్కేసుకోండి. నేను మే నెలలో మూడు వారాల "ఊరికెళ్దాం" క్లాసు పెడతాను. ఆటో అబ్బాయితో బేరం, కొట్లో చాక్లెట్ అడగడం, చుట్టాలు "నేనెవరో చెప్పుకో" అన్నప్పుడు ఏం అనాలి, ఇంకో గరిటె వడ్డించబోతే "చాలండీ" అని ఎన్నిసార్లు చెప్పాలి. చివరి ప్రశ్నకు మా పిల్లలు తేల్చిన జవాబు నాలుగు. మూడుసార్లు చెప్పినా వడ్డించేస్తారట.