ట్రెక్ కోసం గుట్టలెక్కుతుంటే నొప్పులా? ఎందుకొస్తయ్, ఏం చెయ్యాలె

డయాలసిస్ పేషెంట్ల మందుల ఖర్చుకు చందాలు జమచేసి అక్టోబర్‌ల ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడుద్దామని మా బ్యాచ్ తొమ్మిది మందిమి అనుకున్నం. జూన్ నుంచి రోజూ పొద్దుగాల హన్మకొండ పద్మాక్షి గుట్ట, ఆదివారం వస్తే రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు. ఈ మూడు నెలల్ల ఒక్కొక్కళ్లకు ఒక్కో తిప్పలు వచ్చింది, అవన్నీ మీకు రావద్దనే రాస్తున్న.

దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి

అందరికంటె ఎక్కువ మందికి వచ్చేది ఇదే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తది కాబట్టి మన ధ్యాసంతా ఎక్కుడు మీదనే ఉంటది, దిగుడంటే రెస్ట్ అనుకుంటం. కానీ దిగేటప్పుడే తొడ ముందు కండరం సాగుకుంట ఒంటి బరువును ఆపాలె, అది అలిసిపోతే భారమంత మోకాలి మీద పడ్తది. నడక మొదలయ్యే లుక్లా ఊరు 2,860 మీటర్ల ఎత్తు, బేస్ క్యాంప్ 5,364, అంటే ఎక్కినంక రెండున్నర వేల మీటర్లు మళ్ల కిందికి రావాలె కదా.

నాకు ఈ నొప్పి వచ్చినప్పుడు మాతోని నడిచే ఒక అక్క నా వెనకాల మెట్లు దిగుకుంట "తమ్మీ, నీ అడుగు చప్పుడు ఇక్కడిదాక వినస్తుంది" అన్నది. నిజమే, మడిమె దబ్ దబ్ అని కొట్టుకుంట దిగుతున్న. అప్పటిసంది చప్పుడు రాకుండ దిగుడు నేర్చుకున్న: అడుగు చిన్నగ వెయ్యాలె, మోకాలు కొంచెం వంచే ఉంచాలె, పాదాన్ని మెల్లగ పెట్టాలె. ఇంట్ల కింది మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడిమెను మూడు లెక్కపెట్టేదాక మెల్లగ నేలకు ఆనియ్యాలె, కాలుకు 10 సార్లు, రోజు విడిచి రోజు. చేసేటప్పుడు నొప్పి లేస్తే ఇంకా చిన్న మెట్టు చూస్కోండి. పొడుగు మార్చుకునే ట్రెకింగ్ కర్రలుంటే దిగేటప్పుడు కొంచెం పొడుగు చేస్కోవాలె. మోకాలు వాచినా, మధ్యల పట్టేసినా గుట్ట బంద్ పెట్టి ఎముకల డాక్టర్‌కు చూపించాల్సిందే.

బొటనవేలి గోరు నల్లవడుడు

ఇదీ దిగుడుదే. పాదం ముందుకు జారి వేలు బూటుకు గుద్దుకుంటది. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటది, ట్రెక్‌కు వేసుకునే సాక్సులతోనే వేసి చూసి వేలి ముందు బొటనవేలంత జాగ ఉంచాలె. దిగే ముందు చీలమండ దగ్గర లేసులు గట్టిగ కట్టాలె, గోర్లు పొట్టిగ కత్తిరించాలె. బొబ్బలు ఎక్కువగ తడిసిన కాటన్ సాక్సుల వల్ల వస్తయ్, ఇంకో జత సంచిల పెట్టుకోండి.

గంట నడిచినంక తల తిరుగుడు, పిక్కలు పట్టేసుడు

మా దగ్గర ఉక్కపోత తెలిసిందే కదా, చెమటల ఉప్పు పోతది, మనమేమో ఉత్త నీళ్లే తాగుతం. ఇంకోటి, సగం మంది ఏం తినకుండనే వస్తరు. అయిదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిలోపు దిగిపోవాలె. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లల్లనే కలపాలె. సంచిల రెండు సర్వప్ప ముక్కలు, పల్లీ పట్టి ఉంటే చాలు. ఒళ్లు కాలిపోతూ మనిషి మాటలు తడబడ్డయంటే అది వడదెబ్బ, వెంటనే నీడకు తెచ్చి నీళ్లు పోసి, విసురుకుంట 108కు ఫోన్ చెయ్యండి.

భుజాలు గుంజితే సంచి నడుము బెల్ట్ బిగించండి, బరువు తుంటి మీదికి వస్తది. బరువు కూడా ఒక్కసారే కాదు, మూడు కిలోలతోని మొదలుపెట్టండి.

గుట్ట ఎక్కుతున్నం కాబట్టి ఎత్తు మీద ఏం కాదనుకునుడు

ఇది నొప్పి కాదు, అపోహ. వరంగల్ సముద్ర మట్టానికి 300 మీటర్ల దగ్గర్ల ఉంటది, ఇక్కడ ఎన్ని గుట్టలెక్కినా కాళ్లకు బలం వస్తది గానీ పలచటి గాలి అలవాటు కాదు. 3,000 మీటర్లు దాటినంక ఒక్కరోజుల పడుకునే ఎత్తు 500 మీటర్ల కంటె పెంచద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలె. తలనొప్పితోపాటు వాంతులైతే పైకి పోవద్దు, నడక తూలితే రాత్రయినా సరే కిందికి దిగాలె.

నొప్పి దాచిపెట్టి నడుసుడు

చందా తీస్కున్నం కాబట్టి ఆగితే మోసమైతదని మాలో ఇద్దరు కుంటుకుంట కూడా ఎక్కిన్రు. నాకు 50 రూపాయలు ఇచ్చిన పాలాయనకు మోకాలి సంగతి చెప్తే "మందులకిచ్చిన బిడ్డా, నీ ఫోటోకు కాదు, కాలు మంచిగ చేస్కో" అన్నడు. ఆ రోజే రెండు వారాలు రెస్ట్ తీస్కున్న. మీరు కూడా చందా ఇచ్చినోళ్లకు ముందే చెప్పి పెట్టండి, పైసలు పేషెంట్లకు అందుతయ్, నడిచేది నేను గాకపోతే బ్యాచ్‌ల ఇంకొకళ్లు అని.